రబ్బరు క్యూరింగ్ తర్వాత స్టెయిన్‌లెస్ స్టీల్ షాఫ్టుల మీద మచ్చలు రాకుండా ఏం చేయాలి?

ఆటోక్లేవ్‌లోంచి, అంటే రబ్బరును ఆవిరితో ఉడికించే మూత ట్యాంకులోంచి, తీసిన 304 రకం స్టెయిన్‌లెస్ షాఫ్టుల మీద గోధుమ రంగు మచ్చలు వస్తున్నాయి, వేడి తగ్గిస్తే పోతాయా అని అడిగారు. పోవు. వేడి జోలికి వెళ్తే రబ్బరు సరిగ్గా ఉడకదు, మచ్చలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి.

రోలర్లకు రబ్బరు ఎక్కించే షాపుల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. 304 తనంతట తాను లేత పసుపుకు తిరగాలంటే గాలిలో దాదాపు 300 డిగ్రీల వేడి తగలాలి. మన ఆవిరి క్యూరింగ్ 150 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఆ రంగు స్టీలుది కాదు, బయటినుంచి వచ్చి పట్టింది.

ఈ మాట ఓనర్లకు ఎక్కదు. మచ్చ కనబడగానే అయస్కాంతం తీస్తారు. అంటుకుంటే చాలు, నకిలీ మాల్ పంపావని సప్లయర్‌కి ఫోన్. కోల్డ్ డ్రాయింగ్ చేసిన, అంటే వేడి చేయకుండా లాగి సన్నబరిచిన, అసలు 304 రాడ్ కూడా కాస్త అంటుకుంటుంది. చవక రకం 202 అంటుకోకుండా తప్పించుకోగలదు. ఆ అయస్కాంతాన్ని ఫ్రిజ్‌కి పెట్టుకోవడం నయం.

చర్లపల్లిలో ఉన్నప్పుడు ఒక మందుల కంపెనీ ఆర్డర్ వచ్చింది. జర్నల్స్, అంటే బేరింగులు కూర్చునే షాఫ్టు చివరలు, అద్దంలా మెరవాలన్నారు. ఆటోక్లేవ్ తలుపు తీస్తే ప్రతి జర్నల్ మీదా తుప్పు రంగు చుక్కలు. రబ్బరు కాంపౌండ్ (మిశ్రమం)లో గంధకం ఎక్కువైందని ఓనరు మిక్సింగ్ వాళ్ల మీద పడ్డాడు. గంధకానికి నల్లబడేది రాగీ ఇత్తడీ గానీ ఇలా చుక్కలు పడవు కదా అన్నాను. ట్రాలీ మీద ఉన్న షాఫ్టును కదపకుండా చూస్తే చుక్కలన్నీ పైవైపే, ఒకే వరసలో ఉన్నాయి. అడుగు భాగం మెరుస్తోంది. చల్లారాక టార్చి పట్టుకుని లోపలికి దూరాను. ఇనప షెల్ కదా, పైకప్పంతా తుప్పు పెచ్చులు, వాటి చివర్లకు ఎర్రటి నీటి బొట్లు. చల్లటి షెల్‌కి ఆవిరి తగిలి నీరై, ఆ తుప్పును కడిగి షాఫ్టు మీద పోస్తోంది. కప్పు గీకించి, ట్రాలీ మీద ఏటవాలుగా అల్యూమినియం రేకు కట్టించి, జర్నల్స్‌కి నైలాన్ టేపు చుట్టించాం. తర్వాతి లాట్ శుభ్రంగా వచ్చింది.

మీ మచ్చలు చుట్టూరా ఉంటే మాత్రం బ్లాస్టింగ్ దగ్గర, అంటే రబ్బరు పట్టుకునేలా షాఫ్టును గరుకు చేసే చోట, వెతకండి. మామూలు ఇనప షాఫ్టులకు వాడిన స్టీల్ గ్రిట్‌నే (ఉక్కు రవ్వలనే) స్టెయిన్‌లెస్‌కీ కొడితే ఆ రజను పైపొరలో దిగబడి ఆవిరికి తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్‌కి అల్యూమినియం ఆక్సైడ్ గ్రిట్ విడిగా ఉంచాలి. ఖర్చంటారు పర్చేజ్ వాళ్లు. రిజెక్ట్ అయిన రోలర్ ఖర్చు వాళ్ల పుస్తకంలో రాయరుగా! రబ్బరును స్టీలుకు అతికించే బాండింగ్ కెమికల్ కారిన చోటా, నూనె చేతులు పడ్డ చోటా కూడా మరక మాడి పట్టేస్తుంది. లోడ్ చేసేముందు ఎసిటోన్‌తో తుడిచి, ఆపైన గ్లవ్స్‌తోనే ముట్టుకోవాలి.

ఇప్పటికే పడ్డ తుప్పు చుక్కలకు వేడి చేసిన సిట్రిక్ యాసిడ్ ద్రావణం పెట్టి, మంచినీళ్లతో బాగా కడగండి. హెల్పర్ చేతికి ఇనప తీగల బ్రష్ మాత్రం ఇవ్వకండి. తోమినప్పుడు తళతళలాడుతుంది, తడి తగలగానే ఆ గీతల వెంటే మళ్లీ తుప్పు లేస్తుంది.