మిత్రదేశమైనా ఓటు అడగాల్సిందే

ప్రశ్న: మిత్రదేశాలు అంటారు, మళ్లీ ఐక్యరాజ్యసమితిలో తీర్మానం వచ్చేసరికి మద్దతివ్వండి అంటూ రాయబారులూ మంత్రులూ వాళ్ల చుట్టూ తిరుగుతారు. స్నేహమే ఉంటే అడక్కుండానే ఓటెయ్యరా?

జవాబు: వెయ్యరండీ. న్యూయార్క్‌లో కూర్చున్న ప్రతినిధి చెయ్యెత్తాలంటే సొంత రాజధాని నుంచి ఆదేశం రావాలి, ఆ ఆదేశమిచ్చే ప్రభుత్వానికేమో పార్లమెంటు ఉంటుంది, ఇరుగుపొరుగు దేశాలుంటాయి, చమురు, అప్పులు, పరాయి దేశాల్లో పని చేసుకుంటున్న సొంత జనం, ఇవన్నీ ఉంటాయి. అందుకే అడగడం రెండు చోట్లా నడుస్తుంది. న్యూయార్క్‌లో ప్రతినిధులు మాట్లాడుకుంటూ ఉంటే, అవతల ఆ దేశ రాజధానిలో ఉన్న రాయబారి విదేశాంగ శాఖకు వెళ్లి మా వాదన ఇదీ, మీ ఓటు కావాలి అని చెప్పి వస్తాడు. దీన్నే డెమార్ష్ అంటారు.

అసలు బేరం చాలాసార్లు మాటల దగ్గరే జరుగుతుంది. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక, భద్రతా మండలిలో తీర్మానం కోసం అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ సభ్యదేశాల నాయకులను స్వయంగా కలుస్తూ తిరిగాడు. సోవియట్ విదేశాంగ మంత్రి షెవర్నాద్జేకి ‘బలప్రయోగం’ అన్న మాట ఇబ్బంది, అఫ్గానిస్తాన్ నుంచి వాళ్ల సేనలు వెనక్కొచ్చి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు మరి. చివరికి ‘అవసరమైన అన్ని మార్గాలూ’ అని రాశారు. దాని అర్థం ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు, కానీ ఆ మాటతో సోవియట్ ఓటు దొరికింది. నవంబరు 29న 678వ తీర్మానం 12 ఓట్లతో నెగ్గింది. క్యూబా, యెమెన్ వ్యతిరేకించాయి, చైనా ఓటింగ్‌కు దూరంగా ఉంది.

ప్రశ్న: ఓటింగ్‌కు దూరంగా ఉండటమంటే తప్పించుకోవడమే కదా?

జవాబు: ఎక్కడన్నదాన్ని బట్టి ఉంటుంది. మండలిలో 15 మందిలో 9 మంది అవునని తీరాలి, కాబట్టి అక్కడ వీటో లేని తాత్కాలిక సభ్యుడు దూరంగా ఉంటే ఒక ఓటు పోయినట్టే. అదే వీటో ఉన్న అయిదు దేశాల్లో ఒకటి దూరంగా ఉంటే పెద్ద సాయం, తీర్మానం బతుకుతుంది. జనరల్ అసెంబ్లీలో ముఖ్య విషయాలకు మూడింట రెండొంతులు కావాలి, దూరంగా ఉన్నవాళ్లు ఆ లెక్కలోకే రారు. అంటే వద్దు అనబోయే మిత్రుణ్ని దూరంగా ఉండేలా ఒప్పించినా అడిగినవాళ్లకి లాభమే.

2022 ఫిబ్రవరి 25న ఉక్రెయిన్ మీద రష్యా దాడి గురించి మండలిలో పెట్టిన ముసాయిదాలో ‘ఖండిస్తోంది’ అన్నదాన్ని కాస్త మెత్తబరిచి ‘ఆక్షేపిస్తోంది’ అనే అర్థమొచ్చే మాట పెట్టారు, చైనా వ్యతిరేకంగా ఓటెయ్యకుండా చూడాలని. చైనా దూరంగానే ఉంది, భారత్, యూఏఈ కూడా. 11 ఓట్లు పడ్డాయి. రష్యా వీటోతో తీర్మానం వీగిపోయింది, అది ముందే తెలిసిన సంగతి. అయినా ఆ ఒక్క క్రియాపదం కోసం అంత కష్టపడ్డారంటే, రష్యా ఒంటరిగా వ్యతిరేకించిందని ప్రపంచానికి కనబడాలని.

ప్రశ్న: అడిగాక మిత్రుడు కాదంటే?

జవాబు: యెమెన్ సంగతే చూడండి. 1990లో ఆ 678వ తీర్మానం వచ్చేసరికి ఉత్తర, దక్షిణ యెమెన్‌లు కలిసి ఒక్క దేశమై ఆరు నెలలే అయింది. బేకర్ వాళ్ల రాజధాని సనాకి వెళ్లి అధ్యక్షుడు సలేను అడిగినా వాళ్లు ఒప్పుకోలేదు. ఇరాక్‌ను గట్టిగా వ్యతిరేకించలేదన్న కోపంతో సౌదీ తమ దగ్గర పని చేసుకునే యెమెన్ వాళ్ల నిబంధనలు మార్చేసరికి అప్పటికే లక్షల మంది కార్మికులు ఇంటిదారి పట్టారు, ఓటు తర్వాత అమెరికా సుమారు 7 కోట్ల డాలర్ల సాయం ఆపేసింది. నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది. అడిగే హక్కు మనకుంటే కాదనే హక్కు అవతలివాళ్లకుంటుంది, పైగా దెబ్బ తగిలింది ఓటేసిన ప్రతినిధికి కాదు, పేదలకి.

2003లో ఇరాక్ యుద్ధానికి ముందు అమెరికా, బ్రిటన్, స్పెయిన్ ఇంకో తీర్మానం కోసం అప్పుడు మండలిలో తాత్కాలిక సభ్యులైన చిలీ, మెక్సికో, అంగోలా, కామెరూన్, గినియా, పాకిస్తాన్ చుట్టూ తిరిగాయి. తొమ్మిది ఓట్లు కుదరక, ఫ్రాన్స్ వీటో ఖాయమనిపించి, మార్చి 17న ముసాయిదాను ఓటుకు పెట్టకుండానే వదిలేశాయి. చిలీ ఒప్పుకోలేదు. అయినా అదే ఏడాది జూన్‌లో అమెరికా, చిలీ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి.