టెక్ సందేహాలు: రౌటర్ మన మనసులో మాట వింటుందా?

ప్రశ్న: మా తమ్ముడు డిగ్రీ చదివి ఇంట్లోనే ఉంటున్నాడు. నాలుగు నెలలుగా రాత్రయితే ఫోన్‌ని స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగిస్తున్నాడు. తను మనసులో అనుకున్నవన్నీ వైఫై రౌటర్ లాగేసి ఎదురింటివాళ్లకి చేరవేస్తోందట. అందరూ పడుకున్నా దాని లైటు మిణుకుతుండటమే అందుకు రుజువట. ఇప్పటికి రెండు సిమ్‌లు మార్చాం. ఫోన్‌లో ఏదైనా ఉందేమో ఎలా చూడాలి?
– ఓ అక్క, బొబ్బిలి

జవాబు: అమ్మా, ముందు ఫోన్ సంగతి. అతను పక్కనుండగానే చూడండి, చాటుగా చూస్తే అనుమానం ఇంకా ముదురుతుంది. ఆండ్రాయిడ్ 12 గానీ ఆ తర్వాతది గానీ అయితే మైకు, కెమెరా వాడుకలో ఉన్నప్పుడు స్క్రీన్ పైమూల ఆకుపచ్చ గుర్తు వస్తుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరిస్తే గత 24 గంటల్లో ఏ యాప్ మైకు వాడిందో టైముతో సహా ఉంటుంది. సెట్టింగ్స్‌లోనే యాక్సెసిబిలిటీ అనే చోట తెలియని యాప్‌కి అనుమతి ఉంటే తీసేయండి. నిఘా యాప్‌లు నిజంగానే ఉన్నాయి కాబట్టి ఈమాత్రం చూసుకోవాల్సిందే. రౌటర్ లైటంటారా, డేటా వచ్చిపోతుంటే మిణుకుతుంది. ఇంటిల్లిపాదీ పడుకున్నా ఫోన్లు వాటి పని అవి చేసుకుంటూనే ఉంటాయి.

ఇదంతా చూపించాక కూడా "కనపడలేదంటే అంత బాగా దాచారన్నమాట" అంటే, ఇక అది నా చేతిలో పని కాదు, మనసు డాక్టరు చూడాల్సింది.

ఇది వైఫైతో పుట్టిన జబ్బూ కాదు. లండన్ బెత్లెం ఆస్పత్రిలో ఉన్న జేమ్స్ టిల్లీ మాథ్యూస్ గురించి అక్కడ పనిచేసే జాన్ హాస్లమ్ 1810లోనే రాశాడు. దగ్గర్లో దాక్కున్న ముఠా ఒకటి 'గాలి మగ్గం'తో తన బుర్రని ఆడిస్తోందని మాథ్యూస్ నమ్మకం. మన పొందూరు మగ్గం ఖద్దరు నేస్తే, ఆయన మగ్గం ఆలోచనలు నేసిందన్నమాట! 1919లో వియన్నాలో విక్టర్ టౌస్క్ అనే మానసిక వైద్యుడు రాసిన వ్యాసానికొచ్చేసరికి అలాంటి యంత్రానికే మీటలు, తీగలు, బ్యాటరీలు అమిరాయి. తర్వాత రేడియో, టీవీ, శాటిలైట్, చిప్. ఇప్పుడు మీ రౌటర్.

చిక్కేమిటంటే, ఆ మగ్గం అసలు లేనే లేదు. ఫోన్ మాత్రం మనం వెతికినవి, తిరిగినవి గుర్తుపెట్టుకుని యాడ్లు చూపిస్తుంది. ఇంట్లో కుక్కర్ మాటొచ్చిన మర్నాడే కుక్కర్ యాడ్ కనపడితే నేనూ ఉలిక్కిపడ్డాను. మీ తమ్ముడి భయానికి ఇలాంటివి రోజూ ఎరువు వేస్తాయి.

అందుకని వాదించకండి, అలాగని ఔనౌనని తలూపకండి. "నిద్ర పట్టట్లేదు, టెన్షన్ పడుతున్నావు, ఓసారి డాక్టర్‌కి చూపిద్దాం" అనండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫ్రీగా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. విశాఖలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రి ఉంది. తిండి మానేసినా, ఎదురింటివాళ్ల మీదికి వెళ్తానన్నా, చచ్చిపోతానన్నా ఆ రోజే తీసుకెళ్లండి. మూడో సిమ్ కొనకండి. కాల్ మీ ఫోన్ నుంచే చేయండి, అతనిది ప్రస్తుతానికి డబ్బాలోనే ఉండనివ్వండి.