ఫ్లడ్ లైటు పెడితే నీడ పోతుందా?

ప్రశ్న: పెరట్లో 12×16 అడుగుల రేకుల షెడ్డులో చెక్కపని చేసుకుంటాను. చిన్న లేత్ కూడా ఉంది. మధ్యలో ఒకే ట్యూబ్‌లైట్. ఉలి పెట్టిన చోటల్లా నా నీడే పడుతోంది. 50 వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్ లైటు బిగిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: వెలుగు పెరుగుతుంది కానీ నీడ పోదండీ, ఇంకా నల్లగా పడుతుంది. లైటు మీ వీపు వెనక ఉన్నంతకాలం ఎన్ని వాట్లు పెట్టినా ఇంతే.

షాపులో వాట్లు కాదు, డబ్బా మీద ల్యూమెన్లు (లైటు ఎంత వెలుగిస్తుందో చెప్పే అంకె) చూడండి. మీ షెడ్డు దాదాపు 18 చదరపు మీటర్లు. గదంతా 300 లక్స్, అంటే చదరపు మీటరుకు 300 ల్యూమెన్లు కావాలి. లెక్కకు 5,400 చాలు. కానీ రేకులు, గోడలు, పొట్టు కలిసి సుమారు సగం మింగేస్తాయి కనక పదివేలు వేసుకోండి. 4 అడుగుల 20 వాట్ల బాటెన్ (ట్యూబ్‌లైట్ లాంటి పొడవాటి ఎల్ఈడీ లైటు) ఒక్కోటి సుమారు 2,000 ఇస్తుంది, ఐదు సరిపోతాయి. మొత్తం 100 వాట్లే కాబట్టి ఇన్వర్టరు మీదా నడుస్తాయి. గోడలకు సున్నం వేయిస్తే ఇంకా కలిసొస్తుంది.

రెండు బాటెన్లను పనిబల్ల పొడవునా, మీ తలకు ముందువైపు, బల్లకు సరిగ్గా పైన వచ్చేలా బిగించండి. మిగతా మూడు గదిలో పంచండి. బల్ల మీద 500 లక్స్ దాటితే హాయిగా ఉంటుంది, అందుకు మెడ వంచుకునే ల్యాంపు ఒకటి తోడు పెట్టండి.

లేత్ ఉందన్నారు, అసలు భయం అక్కడ. మన కరెంటు 50 హెర్ట్జ్. డ్రైవరు (ఎల్ఈడీకి కరెంటును సరిచేసి ఇచ్చే లోపలి సర్క్యూట్) నాసిరకమైతే ఎల్ఈడీ సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది, కంటికి తెలియదు. లేత్ వేగం దానితో కుదిరిందా, గిర్రున తిరిగే చెక్క ఆగిపోయినట్టు కనిపిస్తుంది. చెయ్యి పెట్టేస్తారు! కొనేముందు షాపులోనే లైటు వెలిగించి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. వెలుగు కొట్టుకుంటుంటే పది రూపాయలు తగ్గించినా వద్దు.

పాలిష్ రంగులు సరిగా తెలియాలంటే 4000 కెల్విన్ (మరీ పసుపూ, మరీ నీలమూ కాని తెలుపు), సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 ఉన్నవి తీసుకోండి.

మీది సముద్రానికి దగ్గర, ఉప్పుగాలికి ఇనుప క్లిప్పులు తుప్పు పడతాయి. ఐపీ65 (దుమ్ము, నీటి జల్లు లోపలికి పోనివ్వని) బాటెన్లు, పీవీసీ పైపులు, స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడండి. వరద నీళ్లు పెరట్లోకి వచ్చే చోటైతే స్విచ్‌బోర్డు ఆ మట్టానికి బాగా పైన ఉండాలి.

లైట్లకూ మెషీన్లకూ ఒకటే ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్) పెట్టించకండి. రంపం ట్రిప్ చేస్తే, లేత్ ఇంకా తిరుగుతుండగానే చీకటైపోతుంది. లైట్లకు విడిగా 6 ఆంప్స్ ఎంసీబీ, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, మొత్తానికి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్), మంచి ఎర్తింగ్. ఈ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

ప్రశ్న: ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్‌లను నమ్మొచ్చా?
– భీమవరం పాఠకురాలు

జవాబు: అంకెను నమ్మకండి, తేడాను నమ్మండి. ఒకే ఫోన్‌ను బల్ల మీద ఒకేచోట పెట్టి, లైటు జరపకముందు, జరిపాక చూస్తే ఏది మెరుగో తెలుస్తుంది. రాత్రిపూట, తలుపు వేసి చూడండి.