కటింగ్ మెషిన్ కోసం అప్పు చేయొచ్చా?

తెనాలి నుంచి ఒక తల్లి అడిగారు: "మా అమ్మాయి బీకాం అయిపోయింది. ఇంట్లోనే బ్లౌజులు, పిల్లల ఫ్రాకులు కుడుతోంది. కంప్యూటర్‌లో డిజైన్ పెడితే దానంతట అదే బట్ట కత్తిరించే మెషిన్ ఒకటి యూట్యూబ్‌లో చూసి, అది కొనిస్తే బొటిక్ పెడతానంటోంది. అరవై వేల దాకా అవుతుందట. డ్వాక్రా లోన్ తీసుకుని కొనమంటారా? ఈ లైన్లో భవిష్యత్తు ఉంటుందా?"

అమ్మా, లోన్ మాత్రం ఇప్పుడు తీసుకోకండి. ఈ లైన్లో భవిష్యత్తు ఉంది, మీ అమ్మాయి ఆసక్తిని చల్లార్చకండి. ఈ రెండూ వేరువేరు విషయాలు.

మీరు చెప్పేది క్రికట్ మేకర్ లాంటిదో, బ్రదర్ కంపెనీ స్కాన్‌ఎన్‌కట్ లాంటిదో అయి ఉంటుంది. జిగురు ఉన్న మ్యాట్ మీద బట్టను ముడతలు లేకుండా అంటించి లోపలికి పంపితే, చిన్న చక్రంలాంటి బ్లేడు దాని మీద దొర్లుతూ కోస్తుంది. కోత చాలా శుభ్రంగా వస్తుంది, అందులో అనుమానం లేదు. అసలు ఇబ్బంది సైజుతో. మ్యాట్ వెడల్పు 12 అంగుళాలు, పెద్ద మ్యాట్ అయినా పొడవు 24 అంగుళాలే, పైగా కోసేది ఒక్క పొరనే. మనం బ్లౌజు వెనక భాగం ఎలా కట్ చేస్తాం? బట్ట మడత పెట్టి, సగం గీసి, రెండు పొరలూ కలిపి కత్తిరిస్తాం. మెషిన్‌కి ఆ భాగాన్ని మడత విప్పి పెట్టాలి. 36 సైజు బ్లౌజుకి అది దాదాపు 20 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల పొడవు వస్తుంది. నిలువుగా పెట్టినా అడ్డంగా పెట్టినా మ్యాట్ మీద పట్టదు. పొట్టి చేతులు పడతాయి, ప్రిన్సెస్ కట్ ముక్కలు పడతాయి, చంటిపిల్లల ఫ్రాకు పైభాగం పడుతుంది. కుర్తీ ఊసే వద్దు.

ఇంకొకటి, బొటిక్‌కి వచ్చే ప్రతి మనిషి కొలత వేరు, మెడ డిజైన్ వేరు. ప్రతిసారీ ప్యాటర్న్‌ని, అంటే కత్తిరించాల్సిన ముక్కల నమూనాని, కంప్యూటర్‌లో మళ్లీ గీసి, బట్ట అంటించి, తీసి, మ్యాట్‌కి పట్టిన పోగులు ఏరుకునేలోపు చేయి తిరిగిన మాస్టర్ కత్తెరతో బ్లౌజు కట్ చేసేసి ఇంకోటి మొదలుపెడతాడు. ఒకే ఆకారం పదేపదే కావలసిన పనికి ఈ మెషిన్ బంగారం. చీర మీద ఆప్లిక్ పువ్వులు (బట్ట ముక్కల్ని పైన అతికించి కుట్టేవి), ప్యాచ్‌వర్క్ ముక్కలు, ఫెల్ట్ బొమ్మలు, పిల్లల బిబ్‌లు, బట్ట మీద పేర్ల అక్షరాలు. (ముక్క ముప్పావు అంగుళం కంటే చిన్నదైతే ఆ చక్రం బ్లేడు సరిగ్గా తిరగలేదు, అదీ గుర్తుంచుకోవాలి.) ఇలాంటి ఆర్డర్లు చేతిలో ఉన్నాక కొనొచ్చు, ముందు కొని తర్వాత ఆర్డర్లు వెతుక్కోవడం అంటేనే నాకు భయం.

ఉద్యోగం వైపు చూస్తే ఎలక్ట్రానిక్ కటింగ్ అసలు ఉండేది ఫ్యాక్టరీల్లో. 1969లోనే అమెరికాలో జోసెఫ్ గెర్బర్ కంప్యూటర్‌తో నడిచే బట్ట కటింగ్ మెషిన్ తెచ్చాడు. ఆ గెర్బర్ కంపెనీని 2021లో ఫ్రాన్స్‌కి చెందిన లెక్ట్రా కొనేసింది. ఇప్పుడు పెద్ద గార్మెంట్ యూనిట్లలో ఈ పేర్లే ఎక్కువ వినిపిస్తాయి. అక్కడ బట్టను పొరలు పొరలుగా పరిచి, పైన పల్చటి ప్లాస్టిక్ షీట్ కప్పి, కింది నుంచి గాలి లాగేస్తారు, పొరలన్నీ గట్టి దిమ్మలా అణిగిపోతాయి, అప్పుడు నిలువు కత్తి పైకీ కిందికీ ఆడుతూ అన్నిటినీ ఒకేసారి కోస్తుంది. మెషిన్ దగ్గర బటన్ నొక్కే మనిషి కంటే, ఏ ముక్క ఎక్కడ పెడితే బట్ట తక్కువ వృథా అవుతుందో కంప్యూటర్‌లో అమర్చే మనిషికి విలువ ఎక్కువ, ఎందుకంటే డ్రెస్సు ఖర్చులో పెద్ద వాటా బట్టదే. ఆ అమరికను మార్కర్ అంటారు. ప్యాటర్న్ మేకింగ్, మార్కర్ రెండూ వచ్చినవాళ్లు మాస్టర్ స్థాయికి ఎదుగుతారు. మీ అమ్మాయి గురి అక్కడ ఉండాలని నా కోరిక.

అందుకని ముందు చేత్తో పేపర్ ప్యాటర్న్ గట్టిగా రావాలి. నిలువు పోగు, అడ్డం పోగు, క్రాస్, కుట్టుకి వదలాల్సిన మార్జిన్, సైజు పెరిగితే ఏ గీత ఎంత జరగాలి, ఇవి రాకుండా సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే తప్పు ప్యాటర్న్‌ని కూడా మెషిన్ అంతే శుభ్రంగా కోసిపెడుతుంది, బట్ట పోతుంది. ఐటీఐలో సూయింగ్ టెక్నాలజీ ఏడాది కోర్సు ఉంది. అపెరల్ ట్రైనింగ్ అండ్ డిజైన్ సెంటర్, అంటే ఏటీడీసీ, గార్మెంట్ రంగం కోసమే శిక్షణ ఇస్తుంది, అక్కడ ప్యాటర్న్, క్యాడ్ (కంప్యూటర్‌లో ప్యాటర్న్ గీయడం) కోర్సుల వివరాలు అడగండి. చేరేముందు మాత్రం కంప్యూటర్ మీద ఎన్ని గంటలు స్వయంగా కూర్చోనిస్తారో, చివర్లో ఏ ఫ్యాక్టరీకి పంపుతారో తేల్చుకోండి. సర్టిఫికెట్ ఫోటో చూపించి సరిపెడితే చేరొద్దు. ఇంటర్లో మ్యాథ్స్ ఉన్న చెల్లెలో తమ్ముడో ఉంటే వాళ్లకి హైదరాబాద్ నిఫ్ట్ లాంటి ఫ్యాషన్ కాలేజీలో బీఎఫ్‌టెక్, అంటే ఫ్యాషన్ టెక్నాలజీ డిగ్రీ, దారి కూడా ఉంది, మీ అమ్మాయికి ఆ నాలుగేళ్లు అక్కర్లేదు.

మన దగ్గర అచ్యుతాపురంలో బ్రాండిక్స్ గార్మెంట్ యూనిట్లు, వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్క్, సిరిసిల్లలో అపెరల్ పార్క్ ఉన్నాయి. బయటికి పంపగలిగితే తిరుప్పూరు, బెంగళూరు. పంపలేం అనుకుంటే టెన్షన్ పడకండి, ప్యాటర్న్ వచ్చిన అమ్మాయికి తెనాలిలోనే పని దొరుకుతుంది, చుట్టుపక్కల టైలర్లకి పేపర్ కటింగ్‌లు చేసి ఇవ్వొచ్చు, స్కూల్ యూనిఫాం ఆర్డర్లు పట్టొచ్చు.

ఈ వారం ఒక పని చేయించండి. గత ఆరు నెలల్లో వచ్చిన ఆర్డర్లన్నీ నోట్‌బుక్‌లో రాయించి, వాటిలో 12 బై 24 మ్యాట్ మీద పట్టేవి ఎన్నో గుర్తు పెట్టించండి. సగానికి పైగా పడితే ఆ లిస్టుతో నాకు మళ్లీ రాయండి, అప్పుడు మెషిన్ సంగతి కూర్చుని లెక్క వేద్దాం.