పిలిచిన ప్రతి మీటింగ్‌కీ వెళ్లకపోతే తలాంతు పాతిపెట్టినట్టేనా?

సిస్టర్ గారూ, వందనాలు. మీకు పాడే వరం ఉందని ప్రతి కూడికకీ, పెళ్లికీ, ఇంటి ప్రార్థనకీ పిలుస్తున్నారని రాశారు. ఇటు ఉద్యోగం, అటు పిల్లలు, ఇక మోయలేకపోతున్నానన్నారు. రాలేనంటే "తలాంతు పాతిపెట్టినవాడి గతి ఏమైందో తెలుసుగా" అంటున్నారట. నేను మా సంఘంలో చాలా ఏళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను. ఆ డైలాగు నాకూ కొత్త కాదు.

మిమ్మల్ని కట్టిపడేస్తున్నది ఆ ఉపమానమే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఒక యజమాని ప్రయాణమై పోతూ తన దాసుల్లో ఒకడికి ఐదు, ఒకడికి రెండు, ఒకడికి ఒకటి తలాంతులు అప్పగిస్తాడు. ఒక తలాంతంటే సుమారు 6,000 దేనారాలు. దేనారం అప్పట్లో ఒక కూలివాడి రోజు కూలి. అంటే ఆ ఒక్క తలాంతు వాడికి దక్కింది కూడా దాదాపు 20 ఏళ్ల కష్టార్జితం. అంత సొమ్ము చేతికిస్తే వాడు గొయ్యి తవ్వి పాతిపెట్టి, లెక్క అడిగిన రోజున "నువ్వు కఠినుడివి, భయమేసింది" అని యజమాని మీదే నెట్టాడు. కనీసం షావుకార్ల దగ్గర వేసినా వడ్డీ వచ్చేది కదా అని యజమాని అడిగాడు. వాడు ఆ మాత్రం కూడా చేయలేదు. ఆదివారమంతా పాడి, సోమవారం ఆఫీసుకి పోయి, బుధవారం రాత్రి మీటింగ్‌కి రాలేనన్న మనిషికీ వీడికీ పోలికెక్కడ?

ఇంకో సంగతి మనవాళ్లు చదివి కూడా దాటేస్తారు. యజమాని అందరికీ సమానంగా ఇవ్వలేదు, ఎవరి సామర్థ్యం కొద్దీ వాళ్లకి ఇచ్చాడు. ఐదు తెచ్చినవాడూ, రెండు తెచ్చినవాడూ పొందిన మెప్పు మాత్రం ఒకటే. 21వ వచనం, 23వ వచనం పక్కపక్కన పెట్టి చదవండి. రెండు తలాంతుల వాణ్ణి "వాడు ఐదు తెచ్చాడు, నువ్వేం చేశావు" అని యజమాని అడగలేదు. పైగా లెక్క అడిగేది ఆయన. పక్క సంఘం కన్వీనర్ గారు కాదు.

యేసుప్రభువే అందరి పిలుపులకీ ఒప్పుకోలేదు. మార్కు 1లో ఆయన తెల్లవారకముందే లేచి ఒంటరిగా ప్రార్థన చేసుకుంటుంటే సీమోను వాళ్లు వచ్చి, అందరూ నిన్నే వెదుకుతున్నారన్నారు. ముందురోజు సాయంత్రం పట్టణమంతా వాకిట్లో గుమిగూడింది మరి. ఆయన మాత్రం వేరే ఊళ్లకి పోదాం పదండి, నేను వచ్చింది అందుకే అన్నాడు. అపొస్తలుల కార్యములు 6లోనూ అంతే. విధవరాళ్లకి రోజూ భోజనం పంచడం చిన్న పనేం కాదు. అయినా పన్నెండుగురు అపొస్తలులూ దాన్ని తమ నెత్తిన వేసుకోలేదు. మంచి పేరున్న ఏడుగురికి అప్పగించి, ప్రార్థన, వాక్యం తాము చూసుకున్నారు.

మరి బాధ్యత అంటే ఏమిటంటారా? నా మట్టుకు అది ఎక్కువగా ఎవరూ చూడని చోటే కనిపించింది. ఉదాహరణకి స్కేలు, అంటే పాటని ఎంత ఎత్తు శ్రుతిలో పాడతామన్నది. మా లీడ్ సింగర్‌కి జి స్కేల్లో పాట అద్భుతంగా ఉంటుంది, నాకూ వాయించడం హాయి. కానీ రెండో చరణం పైకి వెళ్లేసరికి సంఘంలో సగం మంది పెదాలు కదపడం ఆపేస్తారు. పెద్దవాళ్లయితే పాటల పుస్తకం మూసి కూర్చుంటారు. అదే పాటని జి నుంచి కిందికి, ‘ఇ’ (E) స్కేలుకి దించితే లీడ్ సింగర్ గొంతుకి మెరుపు కొంచెం తగ్గుతుంది, సంఘం గొంతు లేస్తుంది. అందుకే దించి వాయిస్తాను. దీని మీద ప్రాక్టీసులో వాదనలు జరిగాయి, ఇంకా జరుగుతాయి కూడా. 1 కొరింథీయులు 14లో పౌలు అన్నీ క్షేమాభివృద్ధి కోసమే జరగాలన్నాడు. అక్కడే ఒకడు మాట్లాడుతుంటే ఇంకొకడికి బయలుపాటు (దేవుడు బయలుపరచిన మాట) వస్తే మొదటివాడు ఊరుకోవాలన్నాడు. వరం ఉన్నవాడికి ఆగడం కూడా తెలియాలన్నమాట. ప్రార్థన జరుగుతుంటే వెనకాల ఏదో ఒకటి వాయిస్తూనే ఉండాలనుకునే మా కీబోర్డు వాళ్లందరికీ ఇది కాస్త గట్టిగా చెప్పాలి.

రెండోది నేర్పడం. యూత్‌లో ఒక అబ్బాయికి చెవి బాగుంది, కార్డ్స్ (కలిపి వాయించే స్వరాలు) రావు. ప్రాక్టీసుకి ముందు పక్కన కూర్చోబెట్టుకుని చూపించేవాణ్ణి. మొదట్లో చిన్న ప్రార్థన కూడికలకి అతన్నే పంపాను. తాళం తప్పేది, ఎవరో ఒకరు ముఖం చిట్లించేవారు. ఇప్పుడు నేను లేకపోయినా ఆరాధన ఆగదు. నాకు అన్నిటికంటే ఊపిరి పోసింది ఇదే. మీ సంఘంలోనూ మైకు ఇవ్వక వెనక వరుసలో ఉండిపోయిన గొంతులు ఉండే ఉంటాయి. మీరు వెళ్లని చోటుకి వాళ్లు వెళ్లనివ్వండి.

ఇంటి సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. స్వకీయులను, అంటే సొంత ఇంటివాళ్లను, సంరక్షించనివాడి గురించి 1 తిమోతి 5:8 ఎంత కఠినంగా ఉందో, తలాంతు పేరుతో బెదిరించేవాళ్లకి ఒకసారి చూపించండి. అయితే అదే పత్రికలో (ఉత్తరంలో), నీలో ఉన్న వరాన్ని అలక్ష్యం చేయొద్దని తిమోతికి రాసిన మాట కూడా ఉంది. కాబట్టి విసిగిపోయి మొత్తానికే మానేయకండి.

ఇక చేయాల్సింది: పాస్టర్ గారితో మాట్లాడండి. వాట్సాప్‌లో కాదు, ఎదురుగా కూర్చుని. ముందు ఇంట్లో మాట్లాడుకుని, ఏ కూడికలు మీవో తేల్చుకుని వెళ్లండి. నేనైతే ఆదివారం ఆరాధన, దాని ప్రాక్టీసు నావి, మిగతావి ఇంట్లో అడిగాకే అని చెప్పేశాను. కొందరు నొచ్చుకున్నారు. పాస్టర్ గారు మాత్రం "అయితే మిగతా వాటికి ఎవరిని తయారు చేద్దాం?" అని అడిగారు. మీ పాస్టర్ గారు అడగకపోతే ఆ ప్రశ్న మీరే వేయండి, చేతిలో ఒకరిద్దరి పేర్లు పెట్టుకుని మరీ.