డెకాల్ ఆరాక చుట్టూ వెండిలా మెరుస్తోంది, ఏం చేయాలి?

హెచ్‌ఓ సైజు మోడల్ రైలు వ్యాగన్‌కి మ్యాట్ (మెరుపు లేని) నలుపు వేసి తెల్ల అక్షరాల డెకాల్ (నీళ్లలో ముంచి అంటించే పల్చటి స్టిక్కర్) అంటించానని, తడిగా ఉన్నప్పుడు బాగానే ఉందని, ఆరాక చుట్టూ వెండి పొర తేలిందని రాశారు. తప్పు డెకాల్‌ది కాదండీ, కింద పెయింట్‌ది. మ్యాట్ పెయింట్ కంటికి నున్నగా కనిపించినా నిజానికి గరుకు కాగితమే. ఆ గుంటల్లో నీళ్లున్నంతసేపూ ఏమీ తెలియదు. నీళ్లు పోయి గాలి చేరాక మెరుపు బయటపడుతుంది.

అందుకే నేను ముందు గ్లాస్ (gloss, నున్నగా మెరిసే) వార్నిష్ కొడతాను. అది పూర్తిగా ఆరి, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన రాకూడదు, అంతవరకూ డెకాల్ జోలికి పోను. మ్యాట్ పూత అన్నిటికన్నా చివర.

డెకాల్‌ని అక్షరాల అంచుదాకా కత్తిరించండి. నీళ్లలో కాసేపు ముంచి తీసి టిష్యూ మీద పెట్టండి. వేలితో తోస్తే తనంతట తాను జారాలి, లాగొద్దు. అంటించే చోట మైక్రో సెట్ అనే డెకాల్ ద్రవం (నీలం లేబుల్, వెనిగర్ వాసన) రాసి, కుంచెతో సరిచేసి, అంచు నుంచి తడి పీల్చండి. ఆ తర్వాత మైక్రో సాల్, ఎర్ర లేబుల్‌ది. ఇది డెకాల్ పల్చటి ఫిల్మ్‌ని మెత్తబరిచి రివెట్ల మీదా తలుపు గీతల్లోకీ దించుతుంది.

అసలు పరీక్ష ఇక్కడే. సాల్ పడగానే డెకాల్ నీళ్లలో నానిన వేలి చర్మంలా ముడతలు పడుతుంది. చూస్తే గుండె జారుతుంది. ముట్టుకోకండి, ఆరేకొద్దీ దానంతటదే సర్దుకుంటుంది. మొదటిసారి ఆగలేక కుంచె కొనతో ఒక్క ముడత సర్దబోయాను. బండి నంబర్‌లో 7 కాలు సాగి పక్క అంకె మీద పడింది. ఆ ట్యాంక్ వ్యాగన్ ఇప్పటికీ వంకర 7తోనే తిరుగుతోంది, ఆ వైపు గోడకి పెట్టి నడుపుతాను.

మీ వ్యాగన్ పాడైపోయిందనుకోకండి. మెరుస్తున్న చోట సన్నటి సూదితో ఫిల్మ్‌ని చుక్కలు చుక్కలుగా పొడిచి, ఒక బొట్టు సాల్ పెట్టి, రాత్రంతా వదిలేయండి. మెరుపు మిగిలితే మళ్లీ అదే పని. నాకు ఒక్కో పక్కకి మూడు నాలుగు రాత్రులు పట్టింది. పైన మ్యాట్ పూత మాత్రం అప్పుడే కొట్టేయకండి, కొడితే సాల్ కిందికి దిగదు.