గిలక తాడు, గోడ మీద గీతలు

అంబాజీపేట

చిరంజీవి సుజాతకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి పన్నెండు రోజులైందని, గాయంలో ఊరే నీరు బయటికి పోయేందుకు పెట్టిన డ్రైన్ గొట్టం కూడా తీసేశారని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. నువ్వు మాత్రం ఎడమ చెయ్యి పొట్టకు అదుముకుని కూర్చుంటున్నావట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు నిలవడం లేదు. ఆరేళ్ళ కిందట నేనూ అలాగే కూర్చున్నాను. కుట్లు ఊడిపోతాయని భయం. చూడవచ్చిన వాళ్ళందరూ "చెయ్యి కదపకమ్మా" అనే చెప్పారు. ప్రేమతోనే అన్నారు, కానీ నెల తిరిగేసరికి నా జడ నేను వేసుకోలేకపోయాను.

రేడియేషన్‌కు వెళ్ళినప్పుడు అసలు సంగతి తెలిసింది. ఆ బల్ల మీద చెయ్యి తలపైకి పెట్టి, కదలకుండా పడుకోవాలి. నా చెయ్యి భుజం ఎత్తు దాటలేదు. ముందు చెయ్యి లేచేలా చేసుకుని రమ్మని వెనక్కి పంపారు. ఆ రోజు బస్సులో దారి పొడవునా ఏడ్చాను. నీకూ రేడియేషన్ ఉందన్నారు కనుక ఈ రోజులు వృథా చేయకు.

రేపే మీ సర్జన్‌ను అడుగు, చెయ్యి ఎంతవరకు ఎత్తవచ్చో. డ్రైన్ ఉన్నన్నాళ్ళు భుజం ఎత్తు దాటవద్దంటారు. తీశాక మెల్లగా పెంచమంటారు. ఫిజియోథెరపిస్టు దగ్గరికి ఒక్కసారైనా వెళ్ళి, నీ చెయ్యి చూపించుకుని, ఆయన ఎదుటే చేసి నేర్చుకో. పిడికిలి మూసి తెరవడం, మోచెయ్యి మడిచి చాపడం, భుజాలు గుండ్రంగా తిప్పడం కూర్చున్నచోటే చేసుకోవచ్చు.

నాకు మేలు చేసినవి రెండు. మొదటిది గోడ. గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళతో చీమ పాకినట్టు పైకి పాకించాలి. ఆగిన చోట అయిదు లెక్కపెట్టి, అలాగే పాకిస్తూ దించాలి. చెయ్యి ఒక్కసారిగా జారవిడవకు. అందిన చోట రోజూ పెన్సిల్‌తో గీత పెట్టేదాన్ని. మొదటి గీత నా గడ్డం దగ్గర. కొన్ని రోజులు గీత మీదే గీత పడింది, ఒకరోజు కిందికి కూడా దిగింది. దిగులుపడకు, మర్నాడు మళ్ళీ లేస్తుంది. సంక్రాంతికి సున్నం వేయించినా ఆ మూల మాత్రం వదిలేయమన్నాను. రెండోది గిలక. దూలానికి గిలక కట్టి, కింద కుర్చీలో కూర్చుని, తాడు రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకోవాలి. బాగున్న చేత్తో కిందికి లాగితే రెండోది దానంతటదే పైకి లేస్తుంది.

లాగినట్టు ఉంటే సరే, పొడిచినట్టు ఉంటే ఆపెయ్యి. నొప్పి మాత్ర రాసి ఉంటే, దాన్ని వ్యాయామానికి అరగంట ముందు వేసుకోవచ్చేమో డాక్టరును అడుగు.

చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద నులకతాడు బిగించినట్టు తగిలితే హడలిపోకు. నాకూ వచ్చింది. చంకలో లింఫు గ్రంథులు తీసినవాళ్ళలో కొందరికి వస్తుంది. ఫిజియోథెరపిస్టుకు చూపిస్తే చేత్తో సాగదీసి, మెల్లగా వదులు చేస్తారు. పై చేతి లోపలి వైపు మొద్దుబారినట్టు ఉంటే, ఆపరేషన్‌లో అక్కడి సన్నని నరం సాగడం వల్లనో తెగడం వల్లనో అలా ఉంటుంది.

జాకెట్టు వేసుకునేటప్పుడు ముందు ఎడమ చెయ్యి దూర్చు, విప్పేటప్పుడు చివర తియ్యి. ముందు హుక్కులవే కుట్టించుకో. నిండు బకెట్లు ఇప్పుడే ఎత్తకు. చేప పొలుసు తీసేటప్పుడు చేతికి తొడుగు వేసుకో, ఆ చేతికి గాటు పడకూడదు. సూది, బీపీ కుడి చేతికే పెట్టమను. చెయ్యి బరువుగా ఉన్నా, గాజులు బిగిసినా చూపించుకో. ఎర్రబడి వేడెక్కినా, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్ళు. గ్రంథులు తీసిన వైపు చేతికి వాపు ఏళ్ళ తర్వాత కూడా రావచ్చు.

రేడియేషన్ అయ్యాక కూడా గోడ దగ్గరికి వెళ్ళడం మానకు. ఛాతీ బిగుసుకోవడం నెలల తర్వాత కూడా మొదలు కావచ్చు. నేను మానేసి, మళ్ళీ మొదటికొచ్చాను.

మోటారు పెట్టించాక మా నూతి గిలక అటక మీదే పడి ఉంది. కొబ్బరినూనె రాసి తిప్పి చూశాను, చప్పుడు లేకుండా తిరుగుతోంది. ఆదివారం పొద్దున్న బస్సుకు తెస్తున్నాను. మీ ఆయనను దూలం చూసి ఉంచమను.

మీ పెద్దమ్మ